కింది పిడి

ఆ మనిషికి కన్నవాళ్లు ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉంది. పాపం, దాన్ని వాడినవాళ్లే లేరు. వీధిలో పిల్లల దగ్గర్నుంచి కట్టుకున్న భార్యదాకా అందరికీ అతను పొట్టు. పొట్టిగా ఉంటాడని కాదు, గుమ్మంలోంచి తల వంచుకుని రావలసినంత మనిషి. రంపప్పొట్టు వల్ల వచ్చిన పేరది. కనుబొమల్లో, చెవుల్లో, చొక్కా మడతల్లో ఎప్పుడు చూసినా పొట్టే. ఒళ్లు రుద్ది రుద్ది స్నానం చేసినా చెవి వెనక చిటికెడు మిగిలేది. నిన్ను దులిపితే బస్తా నిండుతుందయ్యా అని భార్య అంటే, అయితే అమ్ముకో అనేవాడు.

అంత పొట్టు అతని మీదే ఎందుకు పడేదో తెలియాలంటే, దుంగని చేత్తో పలకలుగా ఎలా కోస్తారో చెప్పాలి. ఇప్పుడా పని చూసినవాళ్లు తక్కువ. పెద్ద దుంగని మనిషి ఎత్తుకన్నా పైన, చెక్క కాళ్ల మీద పడుకోబెడతారు. రంగులో ముంచిన నూలుతాడు దాని పొడవునా బిగించి పట్టి, ఒక్కసారి లాగి వదిలితే గీత పడుతుంది. ఒకడు దుంగ మీదికెక్కి నిలబడతాడు, ఒకడు కింద నిలబడతాడు. మధ్యలో నిలువునా రంపం, దానికి పైనొక పిడి, కిందొక పిడి. పైనున్నవాడు పైకి లాగుతాడు, కిందివాడు కిందికి లాగుతాడు. గీత చూసుకునేది పైనున్నవాడు. కిందివాడికి గీత కనపడదు, అతని వంతుకు వచ్చేది మొహం మీద రాలే పొట్టు ఒక్కటే. మనవాడు మూతి మీద మీసం సరిగ్గా రాక ముందునుంచీ కిందివాడే.

పైన నిలబడేది బావ. అంటే అతని అక్కని చేసుకున్నవాడు. ఆ పెళ్లి సందడి సద్దుమణగక ముందే కొత్త బావ ఈ బామ్మర్దిని పిలిచి, "ఏదీ, చేతులు చూపించు" అన్నాడు. తిప్పి తిప్పి చూశాడు. "అన్నం తినడానికి తప్ప దేనికీ వాడినట్టు లేవే ఇవి" అన్నాడు. మర్నాడే కలప అడితికి తీసుకుపోయి కింది పిడి చేతిలో పెట్టాడు.

మొదటిరోజున పొట్టు ఉత్సాహం కొద్దీ రంపాన్ని కిందికి లాగడమే కాకుండా పైకి కూడా తోశాడు. సాయం చేస్తున్నాననుకున్నాడు. రంపం టక్కున ఆగిపోయింది. బావ దుంగ మీంచి దిగొచ్చాడు. తిడతాడనుకున్నాడు గానీ తిట్టలేదు.

"ఒరే, నువ్వు లాగాలి. అంతే. తొయ్యకూడదు."

"నీకు బరువవుతుందేమోనని బావా."

"నా బరువు నాది. నువ్వు తోస్తే రంపం రేకు వంగుతుంది, గీత తప్పుతుంది. నేను లాగేటప్పుడు నీ చెయ్యి పిడి మీదే ఉండాలి, బలం మాత్రం ఉండకూడదు. నువ్వు లాగేటప్పుడు నేనూ అంతే. చెయ్యి తియ్యకు, అడ్డం పెట్టకు."

సరేనన్నాడు. ఆ మాట చెవికెక్కడానికి నిమిషం చాలు, చేతికెక్కడానికి ఏళ్లు పట్టింది. అవతలి మనిషి వంతు వచ్చినప్పుడు చెయ్యి తియ్యకుండా, అడ్డమూ పెట్టకుండా ఊరికే ఉండటం ఎంత కష్టమో కాపురాలు చేసినవాళ్లని అడగండి, చెబుతారు.

రంపం దగ్గర తప్ప మిగతా అన్నింట్లో ఆ ఇద్దరిదీ ఎడ్డెమంటే తెడ్డెం. టీలో చక్కెర ఎంతుండాలి అన్న దగ్గర్నుంచి సాయంత్రం వాన పడుతుందా పడదా అన్నదాకా ప్రతిదానికీ వాదనే. అక్క మధ్యలో కూర్చుని, "మీ ఇద్దర్నీ ఒకే తాడుతో కట్టేస్తే గానీ నాకు ప్రశాంతత లేదు" అనేది. కట్టేసే ఉన్నారు, తాడు బదులు రంపం. పిడి పట్టుకున్నాక మాటలుండేవి కావు. బావకి ఒంట్లో బాగాలేకపోతే పొట్టుకి రంపంలోనే తెలిసేది. పొట్టు ఇంట్లో తగువుపడి వచ్చిన రోజున బావకి మొదటి లాగుడులోనే తెలిసిపోయేది. "ఏరా, మా చెల్లెలు ఇవాళ అన్నం పెట్టలేదా" అని పైనుంచి అడిగేవాడు. అడిగి నవ్వేవాడు. ఆ నవ్వుతోపాటు ఇంకాస్త పొట్టు కింద పడేది.

తర్వాత కోత మిల్లులు వచ్చాయి. వీళ్లు పొద్దస్తమానం కోసే దుంగని మిషను చిటికెలో చీల్చి పడేసేది. తోటి రంపం వాళ్లు ఒక్కొక్కరే కాపలా పనులకీ మూటలు మొయ్యడానికీ పోయారు. ఈ ఇద్దరూ మాత్రం మిల్లువాళ్లు వద్దన్న దుంగలు, మేకులు దిగబడ్డ పాత దూలాలు ఏరుకుని కోసుకుంటూ బతికారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఇద్దరు మొండివాళ్లు కలిస్తే మాత్రం ఇద్దరికీ ఆకలే.

అక్కకి పిల్లల్లేరు. జబ్బు చేసి మంచాన పడ్డాక ఒకరోజు తమ్ముణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుంది. ఏడుస్తుందేమోనని అతను భయపడ్డాడు. ఆవిడ ఏడవలేదు.

"మీ బావని కూర్చోనివ్వకురా. ఆ మనిషి నిలబడి ఉన్నంతకాలమే మనిషి. కూర్చున్నాడంటే ఇక అయిపోతాడు. నీకే చెబుతున్నా."

"అలాగే అక్కా."

అంతకన్నా ఏమంటాడు? ఆవిడ పోయాక బావ సామానంతా, అంటే ఒక ట్రంకు పెట్టె, రంపం, దాని పళ్లు సానబట్టుకునే ఆకురాయి, పొట్టు తన ఇంటికి తెచ్చి పెట్టాడు. అతని భార్య మారు మాట్లాడకుండా ముందుగది ఊడ్చి, "అన్నయ్యా, ఇక ఇది మీది" అంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి బావకి కాళ్లు వణకడం మొదలైంది. దుంగ మీద నిలబడలేడు. ఒక పొద్దున ఏమీ చెప్పకుండా వెళ్లి కింది పిడి దగ్గర నిలబడ్డాడు. కిందయితే ఒంటి బరువు వేసి లాగొచ్చు. పొట్టు ఒక్క క్షణం చూసి పైకెక్కాడు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. సాయంత్రం కళ్లు కడుక్కుంటూ బావ, "ఇన్నేళ్లూ నీ కళ్లల్లో ఇంత పోశానట్రా నేను" అన్నాడు. పొట్టు చెంబుతో ఇంకాసిని నీళ్లు పోశాడు.

గాలిలో దీపంలా రోజులు వెళుతుండగా అడితికి ఒకావిడ వచ్చింది. పొట్టి జుట్టు, నిండా జేబులున్న ప్యాంటు, చేతివేళ్లకి ఏవో మరకలు. చిత్రకారిణి అని అడితి యజమాని చెప్పాడు. అలాగని చిత్రాలు గియ్యదట. మనుషుల్ని ఒకచోట నిలబెట్టి, వాళ్లు చేసే పనినే చిత్రంగా చూపిస్తుందట. చేత్తో దుంగలు కోసేవాళ్లు ఇంకా మిగిలారా అని వెతుక్కుంటూ వచ్చింది.

"మీరేం కోస్తారన్నది నాకు ముఖ్యం కాదండీ," అంది. "ఒకరు లేకపోతే ఇంకొకరు ఏమీ చెయ్యలేరు చూశారా, అది జనం చూడాలి. పెద్ద హాల్లో, అందరి ముందూ మీరు ఒక దుంగ కొయ్యాలి. తొందరేం లేదు. అది రెండుగా విడిపోయిన రోజున ప్రదర్శన అయిపోయినట్టు."

"కోశాక ఆ పలకలు దేనికి?" అన్నాడు బావ.

"దేనికీ కాదు. కొయ్యడమే పని."

బావ బామ్మర్ది వైపు తిరిగాడు. "భలే బేరం రా. వంట మనది, తినేవాళ్లు లేరు."

అయినా ఒప్పుకున్నారు. కాదనడానికి వేరే పనుంటే కదా.

హాలంటే మామూలు హాలు కాదు. తెల్లటి గోడలు, మొహం కనపడే గచ్చు, ఎక్కణ్నుంచి వస్తోందో తెలియని చల్లగాలి. వీళ్లు గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే కాపలావాడు వద్దన్నాడు. మధ్యలో చెక్క కాళ్ల మీద దుంగ, పొట్టు జీవితంలో చూసిన అన్ని దుంగలకన్నా పొడుగైనది. చుట్టూ తాడు కట్టి, అవతల జనం కూర్చోవడానికి బల్లలు వేశారు. రాలిన పొట్టుని ఊడవొద్దని చిత్రకారిణి గట్టిగా చెప్పింది. అది కుప్పగా పెరగాలట. ప్రదర్శన పేరు "తోడు" అని గోడ మీద రాయించింది. జీవితమంతా దులుపుకున్న పొట్టుకి ఇక్కడ ఇంత మర్యాదా అనుకున్నాడు పొట్టు.

మొదట్లో ఆ రోజులు బాగున్నాయి. చెప్పుకోవాలంటే అక్క పోయాక అంత బాగున్న రోజులు లేవు. బావ రోజూ గడ్డం గీసుకునేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు, పని మొదలెట్టే ముందు దాన్ని విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టేవాడు. జనం వచ్చి నోళ్లు మూసుకుని చూసేవాళ్లు. ఒక జంట చేతులు పట్టుకుని కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన తాడు దగ్గరికొచ్చి, "దీని అర్థం ఏమిటండీ" అని అడిగాడు.

"దుంగ కోస్తున్నామండీ," అన్నాడు బావ.

"అంతేనా?"

"మాకంతే. మీకింకేమన్నా కనిపిస్తే మీ అదృష్టం."

ఇంటికొచ్చి ఆ మాట పదిసార్లు చెప్పుకుని నవ్వాడు. పొట్టు భార్య వింటూ, పళ్లెంలో ఇంకాస్త అన్నం వడ్డించి, భర్త వైపు చూసింది. ఆవిడకీ తెలుసు, ఈ దుంగ తర్వాత ఇంకో దుంగ లేదని. అడితి యజమాని ఆ స్థలం అమ్మేస్తున్నాడు. దుంగ విడిపోయిన మర్నాటినుంచి బావ ముందుగదిలో కుర్చీలో కూర్చోవాలి. అక్క భయపడింది దానికే.

అందుకని పొట్టు నిదానించాడు. పైనున్నవాడు గీత చూసే వంకతో మాటిమాటికీ ఆగవచ్చు, కోత బిగుసుకోకుండా చెక్కముక్కలు దిగ్గొట్టవచ్చు, రంపం పళ్లు మొద్దుబారాయని దిగి సానబట్టవచ్చు. అన్నీ చేశాడు.

"దుంగ ఎంత పొడుగైనా దానికో చివర ఉంటుందయ్యా," అంది భార్య.

"చివర వచ్చేలోపు ఏదో ఒకటి ఆలోచిస్తాలే."

"నువ్వు ఆలోచించడం మొదలెట్టేలోపు చివర వస్తుంది."

కానీ చివరకన్నా ముందు వేరేది వచ్చింది. ఒక మధ్యాహ్నం కింది లాగుడు ఆలస్యంగా వచ్చింది. ఆలస్యమంటే ఎంత, రెప్పపాటు. చూస్తున్నవాళ్లకి తెలియదు. పొట్టుకి మాత్రం రంపంలో తెలిసింది. తర్వాత వచ్చిన లాగుడులో బలం లేదు, ఎవరో పసిపిల్ల పట్టుకుని వేలాడినట్టుంది. అలసిపోయాడేమోలే అనుకున్నాడు. పైనుంచి పిడి మీద కొంచెం ఒత్తాడు. రంపం కిందికి దిగింది. ఇంకోసారి ఒత్తాడు. మళ్లీ దిగింది.

ఎంత తేలిగ్గా అయిపోయిందో. ఇన్నేళ్లలో చెయ్యని పని, బావ మొదటిరోజే వద్దన్న పని, అంత తేలిగ్గా చేసేశాడు. ఈ ఒక్క పూటకేనని చెప్పుకున్నాడు. మర్నాడూ అదే చెప్పుకున్నాడు. ఒకరోజు టీకి దిగినప్పుడు బావ కుడి మణికట్టు చుట్టూ ఎర్రగా వాత కనిపించింది. కింద తువ్వాలుతో చేతిని పిడికి కట్టుకుంటున్నాడని అప్పుడు అర్థమైంది. వేళ్లు పట్టు తప్పాయి. బావ ఆ చెయ్యి చటుక్కున తువ్వాలు కింద పెట్టుకుని, "ఈ టీలో చక్కెర పోశారా, గుమ్మరించారా" అన్నాడు. "చప్పగా ఉంటే బావుంటుందా" అన్నాడు పొట్టు. ఎప్పటిలాగే వాదించుకున్నారు. అప్పుడే అడగాల్సింది. అడగలేదు. అడిగితే బావ కూర్చుంటాడని భయం. భయం అనుకున్నాడు గానీ, అది ప్రేమ అని కూడా అనుకున్నాడు, అక్కడే వచ్చింది తంటా.

గీత చూసేది పైనున్నవాడే కాబట్టి గీత వంకరపోతున్న సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఒత్తినప్పుడల్లా రేకు కొద్దిగా పక్కకి వంగుతుంది, కోత అలలు అలలుగా పోతుంది. అతను చూస్తూనే ఒత్తాడు. పైగా చిత్రకారిణి ఒకరోజు దగ్గరికొచ్చి, "ఈమధ్య మీ ఇద్దరి కదలిక మారిందండీ, ఇంకా దగ్గరైనట్టుంది" అని మెచ్చుకుంది. బావ దండం పెట్టాడు. పొట్టు దుంగ మీద నిలబడి చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఒకరోజు జనం ఎక్కువ. ఎక్కడెక్కడినుంచో పెద్దపెద్దవాళ్లని పిలిచి, చిత్రకారిణి మైకు పట్టుకుని మాట్లాడుతోంది. ఒకరి మీద ఒకరికి నమ్మకం గురించి. వెనకాల రంపం ఆడుతోంది. బావ చేతిలో అసలేమీ లేదని పొట్టుకి తెలుస్తూనే ఉంది. రంపం ఆగితే అందరూ చూస్తారు. రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి కిందికి తోశాడు.

రేకు మధ్యలో వంగి, పెద్ద శబ్దంతో కోతలో ఇరుక్కుపోయింది. మైకు ఆగింది.

కిందనుంచి బావ గొంతు వచ్చింది. గట్టిగా కాదు, మామూలుగానే.

"తోస్తున్నావు."

"లేదు బావా. దుంగలో ముడి అడ్డం వచ్చింది."

"ముడి నాకు తెలియదా? ఎన్నాళ్లనుంచి?"

పొట్టు పిడి వదిలేశాడు. వంగి చూస్తే బావ తువ్వాలు ముడిని పళ్లతో విప్పుకుంటున్నాడు. విప్పుకుని, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నట్టు పొట్ట దగ్గర పెట్టుకుని, బల్ల మీది ఇస్త్రీ చొక్కా తీసుకుని, తాడు కిందనుంచి వంగి, జనం దారి ఇస్తుంటే వెళ్లిపోయాడు. అదీ ప్రదర్శనలో భాగమనుకుని వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇంట్లో బావ అలిగి గదిలో తలుపేసుకోలేదు. అన్నం తిన్నాడు, పలకరిస్తే పలికాడు. కుర్చీలో కూర్చున్నాడు. అంతే, కూర్చున్నాడు. పొట్టు భార్య రెండు మూడు సార్లు కూరగాయలకి తోడు రమ్మంది. "నువ్వు వెళ్లిరా అమ్మా" అన్నాడు. గడ్డం పెరిగింది. పొట్టుకి ఆ కుర్చీ వైపు చూడటానికి మొహం చెల్లేది కాదు. ఒకరోజు తెగించి వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"నీ మంచికే చేశాను బావా. దుంగ ఆగిపోతే నువ్వు ఆగిపోతావని. అక్కకి మాటిచ్చాను."

"ఏమని?"

చెప్పాడు.

"మీ అక్క నన్ను నిలబెట్టమంది. నిలబడ్డట్టు నాటకం ఆడించమనలేదు."

"నువ్వూ తువ్వాలు కట్టుకున్నావుగా. నాకు చెప్పావా?"

"చెప్పలేదు. అది నా తప్పు. కానీ రంపం చెప్పిందిగా నీకు? అది చెప్పినప్పుడు నువ్వు ఆపాలి. 'బావా, రావట్లేదు, చాలించు' అనాలి. అంటే నేను నిన్ను నాలుగు తిట్టి వదిలేసేవాణ్ణి. ఇద్దరం కలిసి వచ్చేసేవాళ్లం. ఇప్పుడు చూడు, నేను అక్కడ ఒక్కణ్ణే నిలబడ్డానని తెలియక, గడ్డం గీసుకుని మరీ రోజూ వెళ్లాను."

ఆ చివరి మాట దగ్గర బావ గొంతు వణికింది. పొట్టుకి అంతవరకు ఎప్పుడూ బావ గొంతు వణకడం తెలియదు, అక్క పోయినప్పుడు కూడా. కాళ్లు పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే అది కూడా నాటకంలా ఉంటుందేమోనని నిలబడే ఉన్నాడు.

చిత్రకారిణి పళ్లు తీసుకుని ఇంటికొచ్చింది. మంచిదే, చెడ్డదేం కాదు. బావ పక్కన కింద కూర్చుని చాలాసేపు మాట్లాడింది, డాక్టరు దగ్గరికి తనే తీసుకెళతానంది, తీసుకెళ్లింది కూడా. చేతిలోకి పట్టు మళ్లీ రాదని డాక్టరు చెప్పాడు. ఆవిడకి వేరే దిగులు కూడా ఉంది, ప్రదర్శన సగంలో ఆగింది. ఆలోచించి ఒక దారి కనిపెట్టింది. కింది పిడి ఖాళీగా ఉంచుతారు. చూడటానికి వచ్చినవాళ్లలో ఎవరైనా సరే తాడు దాటి వచ్చి, ఆ పిడి పట్టుకుని, కాసేపు పొట్టుతో కలిసి కొయ్యొచ్చు.

"నా వల్ల కాదమ్మా," అన్నాడు పొట్టు.

కుర్చీలోంచి బావ అందుకున్నాడు. "ఒప్పుకున్న పని సగంలో వదలకూడదు. వెళ్లి పూర్తి చెయ్."

ఆ మాటలో ప్రేమ ఉందో శిక్ష ఉందో ఇప్పటికీ పొట్టుకి తెలియదు. రంపం రేకుని సుత్తితో సరిచేసుకుని వెళ్లాడు.

జనం బారులు తీరారు. ఇదివరకు చూసి ఊరుకున్నవాళ్లు ఇప్పుడు పట్టుకోవచ్చు కదా. భార్యలు పట్టుకుంటే భర్తలు ఫోటోలు తీశారు. అందరూ తోసేవాళ్లే. లాగమని చెబితే లాగుతారు, వెంటనే తోస్తారు. ఇంకొకడి వంతులో ఊరికే ఉండటం ఒక్కడికీ చేతకాదు. కొందరు మధ్యలో నవ్వొచ్చి చెయ్యి వదిలేసేవాళ్లు. పొట్టు పైన నిలబడి అందరి తోపునీ భుజాల మీద కాసుకున్నాడు.

"అమ్మా, వీళ్లు తోస్తున్నారు," అన్నాడు ఒకసారి.

"తొయ్యనివ్వండి," అంది చిత్రకారిణి నవ్వుతూ. "మనుషులంటే అంతే కదా."

అంతే కావచ్చు. ఆవిడ చెప్పిందాంట్లో తప్పు కూడా లేదు. కానీ ఒకప్పుడు అంతే కాని మనిషి ఒకడు ఆ పిడి పట్టుకునేవాడని పొట్టు ఎవరికి చెప్పుకుంటాడు? ప్రతిరోజూ గుమ్మం వైపు ఒక కన్నేసి ఉంచేవాడు, బావ చూడ్డానికైనా వస్తాడేమోనని. రాలేదు. చివరికి ఎవరో కాలేజీ అమ్మాయి కింద ఉండగా దుంగ విడిపోయింది. చప్పట్లు మోగాయి. పొట్టు దిగేసరికి కాళ్ల కింద పొట్టు మెత్తగా కుంగింది. ఒళ్లు దులుపుకున్నాడు.

రెండు సగాల్లో ఒకటి చిత్రకారిణి ఉంచుకుంది. ఇంకొకటి మీదే అని బండి మీద ఇంటికి పంపించింది. వద్దందామని పొట్టు అనుకునేలోపే బండి వీధిలో ఉంది. గోడ వారగా, కోసిన వైపు పైకి ఉండేలా దింపారు. గుమ్మంలోంచి బావ చూశాడు. ఎన్నాళ్ల తర్వాతో తనంతట తను లేచి నిలబడి, గోడ పట్టుకుని బయటికొచ్చాడు.

ఎడమ అరచెయ్యి దుంగ మొదట్లో పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. మెల్లగా నడుచుకుంటూ చేత్తో తడుముకుంటూ వచ్చాడు. మొదట్లో కోత అద్దంలా ఉంది. బావ పెదవుల మీద నవ్వులాంటిదేదో కనిపించింది.

"ఇదీ కోతంటే," అన్నాడు. "ఇది మనం."

ఇంకొంచెం వచ్చాడు. చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. అక్కడినుంచి చిన్న చిన్న అలలు. బావ కళ్లు తెరిచి, చెయ్యి పెట్టిన చోటు చూశాడు, దుంగ చివర ఎంత దూరంలో ఉందో చూశాడు. అది మధ్య కూడా కాదు. మధ్యకి చాలా ముందే.

అంత ముందే ఒత్తడం మొదలైందని పొట్టుకే తెలియదు. తువ్వాలు వాత చూడక ముందు, ఆలస్యంగా వచ్చిన ఆ లాగుడు కన్నా ముందు, బావ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని నవ్విన రోజుల్లోనే తన చెయ్యి ఒత్తడం మొదలెట్టిందన్నమాట. బావకి అప్పుడు సాయం అక్కర్లేదు. అప్పటికి వేళ్లు బాగానే ఉన్నాయేమో. అలసిపోతాడేమో, పడిపోతాడేమో అన్న భయం ముందే చేతిలోకి దిగింది. బావ పట్టు సడలింది జబ్బు వల్లో, తన వంతు లాగే అవసరం లేకుండా పోవడం వల్లో, ఇక చెప్పగలిగేవాళ్లెవరూ లేరు.

బావ అడుగుతాడనుకున్నాడు. అడగలేదు. చెయ్యి తీసేసుకున్నాడు.

"దీన్ని తిరగెయ్యండిరా," అన్నాడు.

"ఎందుకన్నయ్యా, చదునుగా ఉంది, కూర్చోడానికి బావుంటుంది," అంది పొట్టు భార్య.

"తిరగెయ్యండమ్మా."

పక్కింటివాళ్లని పిలిచి తిరగేశారు. కోసిన ముఖం నేలకి వెళ్లింది, గుండ్రటి బెరడు పైకొచ్చింది. బావ ఇప్పుడు కుర్చీ మానేసి పగలంతా దాని మీదే కూర్చుంటాడు. గుండ్రంగా ఉంటుంది, సుఖంగా ఉండదు, అయినా అక్కడే. సాయంత్రం అయ్యేసరికి పొట్టు కూడా వచ్చి పక్కన కూర్చుంటాడు, అతనికీ వేరే పనేముంది. పొట్టు భార్య టీ తెచ్చిస్తుంది. చక్కెర ఎక్కువైందో తక్కువైందో ఇద్దరూ ఏమీ అనరు. బావ కుడి చెయ్యి మధ్యలో బెరడు మీద పడి ఉంటుంది. పొట్టు దాని పక్కన తన చెయ్యి పెట్టుకుంటాడు, తగలకుండా.

బావని కూర్చోనివ్వొద్దని అక్క చెప్పింది. ఇప్పుడు ఇద్దరూ కూర్చున్నారు.